నల్ల అద్దాలు, తెల్ల ఫిల్ము

మా మధురానగర్‌లో కొత్తగా కారు కొన్నవాడికి మొదటి వారంలోనే మూడు సలహాలు ఉచితంగా వస్తాయి. వాచ్‌మన్‌కి నెలకింత అని మాట్లాడుకుని రోజూ కారు తుడిపించుకోమని ఒకటి. పార్కింగ్ గురించి పక్క ఫ్లాటు వాళ్ళతో ముందే తేల్చుకోమని ఇంకొకటి. మూడోది సలహా కూడా కాదు, ప్రశ్న. "కూలింగ్ పేపర్ వేయించావా బాబూ?" లిఫ్టులో అడుగుతారు, మెట్రో స్టేషన్ కింద టీ తాగుతుంటే అడుగుతారు, ఆఫీసులో క్యూబికల్ పక్కవాడు కూడా అడుగుతాడు. మొదటి రెండూ ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. మూడోదానికి మాత్రం దాదాపు నెల పట్టింది. ఆ నెలలో చదివిందీ, కొలిచిందీ, షాపుల్లో విన్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఇదే తలనొప్పి మీలో చాలామందికి ఉంటుందని నా అనుమానం.

కూలింగ్ పేపర్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. లోపల ఎవరున్నారో బయటికి కనపడకూడదు. లోపల వేడి తగ్గాలి. ఎండలోని అల్ట్రా వయొలెట్, అంటే యూవీ, ఒంటికి తగలకూడదు. ఒక నల్ల కాగితం అంటిస్తే మూడూ జరిగిపోతాయని జనం నమ్మకం. నిజానికి ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి పెద్దగా చుట్టరికం లేదు. కారు నలుపుగా కనపడుతూ లోపల ఉడికిపోవచ్చు, అద్దం తెల్లగా ఉంటూనే యూవీని దాదాపు పూర్తిగా ఆపొచ్చు. నాకు మొదటిది అక్కర్లేదు, రెండోది ఉంటే మంచిదే, మూడోది మాత్రం తప్పనిసరి. ఎందుకంటే మా అమ్మకి లూపస్.

మూడేళ్ళ క్రితం బయటపడింది. ఈ జబ్బు గురించి తెలియని వాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే శరీరం మీద దాడి చేస్తుంది. చాలామంది రోగులకి ఎండ పడదు. ఎండ తగిలితే చర్మం మీద ఎర్రటి దద్దు రావడమే కాదు, కీళ్ళ నొప్పులు, నీరసం, మొత్తం జబ్బే తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంది. గొడుగు, ఫుల్ చేతుల జాకెట్టు, సన్‌స్క్రీన్ అన్నీ వాడుతుంది. సమస్యల్లా ప్రయాణం. అమ్మ ఉండేది సూర్యాపేటలో, చూపించుకునేది ఇక్కడ పంజాగుట్ట దగ్గర. రెండు నెలలకోసారి రానూ పోనూ దాదాపు 270 కిలోమీటర్లు. నేను కారు కొన్నదే ముఖ్యంగా అందుకు. "కారులో కూడా కిటికీ పక్కన కూర్చుంటే ఎండే కదమ్మా" అని డాక్టరు గారే అన్నారు. అక్కడ మొదలైంది నా పరిశోధన.

ముందు అద్దం సంగతి. కారులో అద్దాలన్నీ ఒకటి కావు. ముందరిది లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. రాయి తగిలినా ముక్కలు మీద పడకుండా ఉండటానికి ఆ పొర. అదే పొర యూవీని కూడా ఆపేస్తుంది. పక్క అద్దాలూ వెనకదీ మామూలుగా టెంపర్డ్, ఒకటే పలక. ఒంటిని ఎర్రగా కమిలించే యూవీ-బి ఏ గాజులోంచైనా పెద్దగా రాదు. యూవీ-ఎ మాత్రం వస్తుంది. 2016లో అమెరికాలో ఒక కంటి డాక్టరు 15 కంపెనీల 29 కార్లని కొలిచి ప్రచురించాడు. ముందు అద్దం సగటున 96 శాతం యూవీ-ఎ ని ఆపింది. పక్క అద్దం సగటు 71 శాతమే, అదీ కారుని బట్టి 44 నుంచి 96 దాకా. ధరకీ దీనికీ సంబంధం ఉంటుందనేమీ లేదు. కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి గంటసేపు చెప్పిన సేల్స్ అబ్బాయికి ఈ ఒక్క ముక్క తెలియదు.

రెండోది దిక్కుల సంగతి. సూర్యాపేట నుంచి హైదరాబాదుకి రోడ్డు దాదాపు తూర్పు నుంచి పడమరకి. అమ్మ పొద్దున బయల్దేరుతుంది కాబట్టి సూర్యుడు వెనక ఉంటాడు. సాయంత్రం తిరిగి తూర్పుకి వెళ్తుంటే మళ్ళీ వెనకే ఉంటాడు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు గనక వచ్చేటప్పుడు ఎడమవైపు, వెళ్ళేటప్పుడు కుడివైపు కూడా వాయిస్తాడు. అంటే డ్రైవింగ్ చేసే నాకు హాయి, వెనక కూర్చున్న అమ్మకి పోనూ రానూ ఎండ. పరిష్కారం తేలికే, ముందు సీట్లో కూర్చుంటే చాలు. చెప్పి చూశాను. "ఎదురుంగ లారీలన్నీ మీదికొస్తున్నట్టే ఉంటయిరా, నేను కూసోను" అంది. పైగా నడుం వాల్చాలి, వెనక సీటైతేనే వీలు. యూజర్ రిక్వైర్‌మెంట్ అంటే రిక్వైర్‌మెంటే, మార్చమనడానికి మనమెవరం :)

ఇక చట్టం. ఇక్కడే అందరూ నోటికొచ్చింది చెప్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం. దీన్నే వీఎల్‌టీ అంటారు. కాగితం మీద ఇది ఎప్పట్నుంచో ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మే 4 నుంచి దేశమంతటా ఏ శాతం ఫిల్మైనా సరే, ఇంకే పదార్థమైనా సరే అద్దాల మీద అంటించకూడదంది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకి మాత్రం, అదీ ఒక కమిటీ పరిశీలించాక, మినహాయింపు. ఫిల్ము కంపెనీలు మళ్ళీ వెళ్తే అదే ఏడాది ఆగస్టులో కోర్టు ఒప్పుకోలేదు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. రోడ్డు పక్కన పోలీసులు కార్లాపి బ్లేడుతో నల్ల కాగితం లాగేస్తుంటే గుంపులుగా నిలబడి చూడటం గుర్తుంది.

చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ అవ్వలేదు. 2020లో కేంద్రం ఆ నియమాన్ని సవరించింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 'సేఫ్టీ గ్లాస్' అని మాత్రమే ఉన్నచోట 'సేఫ్టీ గ్లేజింగ్' అని కూడా చేర్చారు. అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా చెల్లుతుందని. ఆ పొర ఫ్యాక్టరీలోనే ఉండాలా, మనం తర్వాత వేయించుకున్నా చెల్లుతుందా అన్న పేచీ కేరళ హైకోర్టుకి వెళ్ళింది. ఫిల్ము తయారు చేసే కంపెనీ, అమ్మే షాపు, చలానా పడ్డ కారు ఓనరు ముగ్గురూ వెళ్ళారు. 2024 సెప్టెంబరులో తీర్పొచ్చింది. 70, 50 శాతాల హద్దు దాటనంతవరకూ ఫిల్ము వేసుకోవచ్చు, దానికి జరిమానా వెయ్యకూడదు అని. సుప్రీంకోర్టు 2012లో చూసింది పాత నియమాన్ని, ఇప్పుడు నియమమే మారింది కదా అన్నది అందులోని తర్కం. నాకు సబబుగానే అనిపించింది. అయితే ఆ తీర్పు కేరళది. ఇక్కడ చౌరస్తాలో చలానా మిషను పట్టుకు నిలబడ్డ ఎస్సై గారు అది చదివి ఉండాలని రూలేమీ లేదు.

మన హైదరాబాదు పోలీసులు ఈ విషయంలో మెతకేమీ కాదు. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో స్పెషల్ డ్రైవు పెట్టి పేరున్న సినిమా హీరోల కార్లు కూడా ఆపి, ఫిల్ములు పీకించి, 700 రూపాయల చలానాలు రాశారు. టీవీల్లో రోజంతా అదే. కోటి రూపాయల కారుకి 700 జరిమానా ఏపాటి అని నవ్వుకున్నాం గానీ, పీకించడమే అసలు శిక్ష అనుకుంటా. (తమాషా ఏమిటంటే అదే మార్చి నెలలో పాత చలానాలు కట్టేసుకోండి, కార్లకి సగం తగ్గిస్తాం అని ఆఫర్ కూడా నడిచింది.)

నల్ల అద్దాల మీద నిషేధం తప్పని నేననను. నా చెల్లెలు రాత్రి షిఫ్టు అయ్యాక క్యాబులో వస్తుంది. ఆ కారు లోపల ఏం జరుగుతోందో బయటివాడికి కనపడాలి అంతే. కోర్టు చెప్పిన కారణమూ అదే, కార్లలో జరిగే నేరాలు. మా సందులోనే ఒక తెల్ల ఎస్‌యూవీ ఉంది, నాలుగు వైపులా తారు పూసినట్టుంటుంది, ముందు అద్దానికి ఏదో స్టిక్కరు. దాన్ని ఎవరూ ఆపినట్టు నేను చూడలేదు. నా బాధల్లా ఒకటే. నిషేధించాల్సింది చీకటిని. కానీ ఫిల్ము అన్న మాటనే నిషేధిస్తే, కంటికి కనపడని యూవీని ఆపే తెల్ల పొర కూడా అదే గాటన కట్టబడుతుంది. డాలస్‌లో ఉన్న మా బావ చెప్పాడు, అమెరికాలో రాష్ట్రానికో లెక్కట, టెక్సాస్‌లో ముందు పక్క అద్దాలకి 25 శాతం వెలుతురు వస్తే చాలు. కాలిఫోర్నియాలో హద్దు 70. అయితే చాలా రాష్ట్రాల్లో లూపస్ లాంటి జబ్బులుంటే డాక్టరు ఉత్తరంతో మినహాయింపు దొరుకుతుంది. మన దగ్గర మినహాయింపు భద్రత ఉన్న పెద్దమనిషికి, జబ్బున్న మనిషికి కాదు.

సరే, షాపులకి వద్దాం. అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల నాలుగు చోట్ల తిరిగాను. అన్నిచోట్లా ఒకటే నాటకం. బల్ల మీద ఒక చెక్క డబ్బా, లోపల ఎర్రగా వెలిగే బల్బు, ముందు గాజు. "చెయ్యి పెట్టండి సార్." పెడితే కాలుతుంది. ఫిల్ము ఉన్న గాజు జరుపుతాడు, "ఇప్పుడు పెట్టండి." చల్లగా ఉంటుంది. "తొంభై తొమ్మిది పర్సెంట్ హీట్ రిజెక్షన్ సార్!" చూసినవాడు పర్సు తియ్యాల్సిందే.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, మనకి అలవాటైన పనే. ఆ బల్బు విడుదల చేసే శక్తిలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్. సూర్యుడు అలా కాదు. ఎండలోని శక్తిలో సుమారు సగం ఇన్‌ఫ్రారెడ్, 44 శాతం దాకా కంటికి కనపడే వెలుతురు, మిగిలిన కొంచెం యూవీ. కనపడే వెలుతురు కూడా లోపల సీటు మీద పడితే వేడే అవుతుంది. ఇప్పుడు 70 శాతం వెలుతురు వదిలే ఫిల్ము తీసుకోండి. 44లో 70 శాతం అంటే దాదాపు 31. అంటే ఇన్‌ఫ్రారెడ్, యూవీ ఒక్క చుక్క కూడా రానివ్వని దేవతా వస్త్రం లాంటి ఫిల్మైనా సరే, మొత్తం ఎండలో 31 శాతం లోపలికి వచ్చి తీరుతుంది. ఆపగలిగేది మహా అయితే 69. మరి 99 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న ముక్క ఎంచుకుని అక్కడ కొలిచి చెప్తారు. అడగాల్సిన అంకె వేరే, మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందన్నది, ఫిల్ము స్పెసిఫికేషన్ కాగితంలో టీఎస్ఈఆర్ అని ఉంటుంది. నేను ఆ కాగితం అడిగితే నాలుగు షాపుల్లో ఇద్దరు "అట్లాంటిదేం ఉండదు సార్" అన్నారు. వాళ్ళకి నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఇంకో లెక్క ఇంతకంటే ముఖ్యం. "50 పర్సెంట్ ఫిల్ము వేయించుకోండి, లీగలే" అని ధైర్యంగా చెప్పేస్తారు. కాదు. చట్టం అడిగేది ఫిల్ము శాతం కాదు, గాజూ ఫిల్మూ కలిపి. ఇప్పటి కార్లకి ఫ్యాక్టరీలోనే లేత ఆకుపచ్చ గాజు వస్తుంది. నా కారు పక్క అద్దాన్ని మీటరు పెట్టి కొలిపిస్తే 77 వచ్చింది. దాని మీద 50 శాతం ఫిల్ము వేస్తే 77లో సగం, అంటే 38. చట్ట విరుద్ధం. 70 శాతం ఫిల్ము వేస్తే 54, హద్దు లోపలే. ఇక వెనక అద్దానికి హద్దు 70 కదా, అక్కడ అదే ఫిల్ము వేస్తే 54 వచ్చి మళ్ళీ తప్పవుతుంది. అక్కడ 92 శాతం వెలుతురు వదిలే, యూవీ మాత్రం ఆపే తెల్ల ఫిల్ము కావాలి. 77లో 92 శాతం అంటే 70.8. బొటాబొటి. ముందు అద్దం జోలికి వెళ్ళలేదు, అది ఎలాగూ యూవీని ఆపుతోంది, పైగా ఫాస్టాగ్ అక్కడే ఉంటుంది. లోహపు పొర ఉన్న ఫిల్ములు రేడియో తరంగాలకి అడ్డం వస్తాయి. పంతంగి టోల్ దగ్గర కారు ఆపుకుని వెనకాల హారన్లు వినే ఓపిక నాకు లేదు. అందుకే పక్క అద్దాలకి కూడా లోహం లేని సిరామిక్ రకమే తీసుకున్నాను.

మూడో షాపులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీటరు తీసి తనే ముందు కొలిచి చూపించాడు. "ఇంత తెల్లది వేసుకుంటే ఎట్ల భయ్యా, వేసినట్టే తెలవదు" అని ఒకసారి అన్నాడు గానీ, అమ్మ సంగతి చెప్పాక మళ్ళీ మాట్లాడలేదు. బేరం మాత్రం తగ్గలేదు.

పని చూస్తే ముచ్చటేసింది. షట్టరు సగం దించాడు, ఫ్యాను ఆపేశాడు. దుమ్ము ఒక్క రేణువు లోపల చిక్కినా జీవితాంతం కంటికి కనపడుతుందట. డోరు మీద పవర్ విండో స్విచ్చుల మీద తువ్వాలు కప్పాడు, నీళ్ళు దిగకుండా. అద్దాన్ని షాంపూ కలిపిన నీళ్ళతో కడిగి, బ్లేడుతో గీకి, మళ్ళీ కడిగాడు. ఫిల్ముని ముందు బయటి వైపు పరిచి, హీట్ గన్‌తో వేడి చేస్తూ అద్దం వంపుకి తగ్గట్టు ముడుచుకునేలా చేశాడు. కొలతకి కోసింది కూడా అక్కడే కాదు, కంప్యూటర్లో మా మోడల్ కొలత ఉంది, మిషను కోసి పెట్టింది. అద్దం మీద పెట్టి బ్లేడుతో కోస్తే గాజు మీద గీతలు పడతాయి, ఇది తప్పకుండా అడిగి తెలుసుకోండి. తర్వాత వెనక పొర వొలిచి, నీళ్ళు చల్లి, లోపలి వైపు జార్చి, రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచులకి నీళ్ళన్నీ తోసేశాడు. ఆ తోసే చప్పుడు, కిర్రు కిర్రు మని, ఇప్పటికీ చెవుల్లో ఉంది. అన్నిటికంటే కష్టం వెనక అద్దం. మంచు కరిగించే సన్నటి తీగలుంటాయి కదా, వాటి మీద బ్లేడు పెట్టకూడదు. అంచుల్లో నల్ల చుక్కల దగ్గర ఫిల్ము సరిగా అంటదు, తెల్లటి గీతలా మిగులుతుంది. అది లోపం కాదు, దాని తత్వమంతే.

మొత్తం నాలుగు గంటలు. చివర్న మళ్ళీ మీటరు పెట్టించాను. పక్కల 54, వెనక 71. ఆ అంకెలు, ఫిల్ము పేరు, రోలు నంబరు బిల్లు మీద రాసి స్టాంపు వెయ్యమన్నాను. పెద్దాయన నన్ను కాస్త విచిత్రంగా చూశాడు గానీ రాసిచ్చాడు. మూడు రోజులు అద్దాలు దించొద్దన్నాడు. రెండు వారాలు అక్కడక్కడ మబ్బు పట్టినట్టుంటుంది, నీళ్ళు ఆరితే పోతుంది, కంగారుపడి గోకొద్దన్నాడు. అలాగే పోయింది.

మా ఎదురు ఫ్లాటు అంకుల్ కారు చుట్టూ ఒక రౌండు వేసి, "ఇదేంటయ్యా, వేయించానంటావు, అంతా కనపడుతోందిగా, డబ్బులు దండగ" అన్నారు. అమ్మకైతే బిల్లు చూపించలేదు. అయినా అడిగి కనుక్కుంది. "గీ కాయితానికి గన్ని పైసలా" అని ఒక పూట మాట్లాడలేదు.

పోలీసులు ఇంతవరకూ ఒక్కసారే ఆపారు, అదీ అందరి కార్లతో పాటు. కానిస్టేబుల్ అంచు మీద గోటితో గీకి చూశాడు, ఫిల్మే అని పసిగట్టాడు. బిల్లు చూపించాను, కేరళ తీర్పు ప్రింటు కూడా ఇచ్చాను. ప్రింటు తిప్పి చూసి నాకే ఇచ్చేసి, అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న అమ్మని చూసి, "కనపడుతోంది కదా, పోండి" అన్నాడు. ఇంకొకరైతే 700 రాసేవారేమో. దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. పీకమంటే మాత్రం మీటరు పెట్టి కొలవమని అడుగుతాను.

వేడి సంగతి కూడా చెప్పాలి. నడుస్తున్నప్పుడు తేడా తెలుస్తుంది, చేతి మీద ఆ చురుకు లేదు, ఏసీ తొందరగా చల్లబడుతుంది. ఎండలో మూడు గంటలు పార్క్ చేస్తే మాత్రం ఏ ఫిల్మూ కాపాడదు. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, కాలేది టాపు. ఆఫీసు పార్కింగులో ముందు అద్దం వెనక మెరిసే అట్ట ఒకటి పెడుతున్నాను, రెండొందల రూపాయలది. వేలు పోసిన ఫిల్ము కంటే ఆ పనికి అదే నయం.

ఫిల్ము వేసాక అమ్మ రెండు సార్లు వచ్చి వెళ్ళింది. మొన్నటి చెకప్పులో బుగ్గల మీద ఎరుపు తగ్గిందన్నారు డాక్టరు గారు. ఫిల్ము వల్లేనా అనడిగాను. అదే టైములో మందు డోసు కూడా మార్చాం కదా, ఎలా చెప్తాం అన్నారు. నిజమే, రెండు వేరియబుల్స్ ఒకేసారి మారితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. అమ్మ మాత్రం ఇప్పటికీ కిటికీ వైపు కొంగు కప్పుకునే కూర్చుంటోంది. వద్దని నేనూ అనలేదు.